పాత చీర, క్రొత్త వస్త్రము

ధ్యాన భాగములు: యిర్మీయా 38:7–13, మత్తయి 9:16, అపొస్తలుల కార్యములు 9:36–43

యెరూషలేము బబులోను సేనల ముట్టడికి గురియైన దినములలో యిర్మీయా ప్రవక్త ఒక గోతిలోనికి దింపబడెను. అందులో నీళ్లు లేవు. బురద మాత్రమే యుండెను. ప్రవక్త ఆ బురదలో దిగబడెను. రాజునొద్ద నున్న ఎబెద్మెలెకు అను కూషీయుడు ఈ సంగతి విని, సెలవు పొంది, ముప్పదిమంది మనుష్యులను వెంటబెట్టుకొని బయలుదేరెను. అయితే అతడు నేరుగా గోతియొద్దకు పోలేదు. ముందుగా రాజగృహములో ఖజానా క్రిందనున్న గదిలోనికి వెళ్లెను. అక్కడ పడియున్న పాత బట్టలను, చిరిగిన పేలికలను ఏరుకొని, త్రాళ్లతో కూడ గోతిలోనికి దింపి, వాటిని చంకల క్రింద పెట్టుకొని ఆ పైని త్రాళ్లు కట్టుకొనుమని ప్రవక్తకు చెప్పెను.

త్రాడు మనుష్యుని పైకి లాగును గాని ఒంటిని కోయును. కోత తగులకుండ కాపాడినవి ఎవరును లెక్కచేయని ఆ పేలికలే. ఖజానాలోని బంగారమును గూర్చి ఈ అధ్యాయము ఒక్క మాటయు చెప్పదు. దాని క్రింది గదిలోని పాత గుడ్డలను మాత్రము జ్ఞాపకముంచెను. దేవుని గ్రంథము ఎంత చిన్నవాటిని లెక్కలోనికి తెచ్చునో ఇందువలన తెలియుచున్నది.

అట్టి గది నేడు ప్రతి యింటను కలదు. అది బీరువా అడుగు అర కావచ్చును, మంచము క్రింది పెట్టె కావచ్చును. కొంతకాలమునకు పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చు స్త్రీ వీధిలో కేక వేయును. నాలుగు చీరలు పోయి ఒక గిన్నె వచ్చును. ఆ చీరలు ఎచ్చటికి పోవునో ఎవరును విచారింపరు. కొన్ని ఆ ఊరి సంతలోనే కుప్పగా పోయబడును. కొన్ని దూరప్రయాణము చేయును. హర్యానాలోని పానీపట్టులో పాత ఉన్ని బట్టలను చీల్చి, మరల నూలు వడికి, దుప్పట్లు నేయుదురు. వరదలు, భూకంపములు సంభవించినప్పుడు అట్టి దుప్పట్లే అనేకుల వీపుల మీద కప్పబడుచున్నవి. ఎబెద్మెలెకు చేసిన పని నేటికిని ఆగిపోలేదు.

ఛత్తీస్‌గఢ్ రాజధానియైన రాయ్‌పూర్‌కు ఉత్తరమున, బిలాస్‌పూర్ పోవు మార్గములో భన్‌పురి యున్నది. అది కర్మాగారముల పేట. లారీల దుమ్ము, ఇనుము కాల్చిన వాసన అక్కడి గాలిలో నుండును. 1931లో విజయనగరము నుండి రాయ్‌పూర్ వరకు రైలుమార్గము పూర్తియైన పిదప, ఉత్తరాంధ్రమునుండి పని వెదకికొనుచు వచ్చువారికి ఈ నగరము అందుబాటులోనికి వచ్చెను. రైల్వే పనులలోను, మిల్లులలోను కుదిరిన తెలుగు కుటుంబములు అనేకము ఇక్కడనే స్థిరపడినవి. ఇంట తెలుగు, వీధిలో హిందీ, సంతలో ఛత్తీస్‌గఢీ మాటలాడుచు పిల్లలు పెరుగుదురు. వారిలో తెలుగు లిపి చదువలేని పిల్లలును కలరు. అయినను అవ్వ నోటినుండి విన్న తెలుగు కీర్తన వారి చెవిలో నిలిచియుండును.

అట్టి యొక యింటిని దృష్టాంతముగా తలంచుకొందము. ఆ యింట ఒక అవ్వ కలదు. ఆమె భర్త రైల్వేలో పనిచేసి గతించెను. కుమారుడు ఇనుప కడ్డీల మిల్లులో కూలి. దసరా దాటినప్పటినుండి మిల్లులో పని తగ్గి, వారమునకు మూడు దినములే పిలుపు వచ్చుచున్నది. పదునైదేండ్ల మనుమరాలు, ఆమె తరువాత ఒక చిన్నవాడు. తెలుగు క్రైస్తవుల యిండ్లలో క్రిస్మసు అనగా క్రొత్త బట్టలు. సంవత్సరమంతయు చినిగినవి కట్టుకొన్నను ఆ ఉదయమున మాత్రము క్రొత్తవి కట్టుకొనవలెనని తలిదండ్రులు ఆశపడుదురు. ఆ యేడు తండ్రి తల వంచుకొని, ఈసారి చిన్నవానికి మాత్రమే చొక్కా కొనగలనని చెప్పెను. పిల్ల మారు మాటాడక లోపలికి పోయెను.

మరునాడు అవ్వ సంతకు పోయి, పాత బట్టల కుప్పలోనుండి మూడు చీరలు, ఒక మగవాని తెల్ల చొక్కా ఏరి నూట ఇరువది రూపాయలకు తెచ్చెను. మనుమరాలు వాటిని చూచి ముట్టుకొనలేదు.

"మామ్మా, ఇవి ఎవరో విడిచిన బట్టలు గదా! గుడిలో ఎవరైన గుర్తుపట్టినయెడల నా ముఖము ఎక్కడ పెట్టుకొందును?" అనెను.

అవ్వ ఆమెను గద్దింపలేదు. బీదతనము పాపము కాదు గదా యని ఉపదేశమును చేయలేదు. పదునైదేండ్ల ప్రాయములో సిగ్గు ఎంత వాడియైనదో ఆమెకు తెలియును. "గుర్తుపట్టినప్పుడు ఏమి చెప్పవలెనో తరువాత ఆలోచింతము, తల్లీ. ముందు దీనిని కిటికీయొద్ద వెలుగులో పట్టుకొనుము" అని చీర కొంగు ఆమె చేతికిచ్చెను.

1. వెలుగులో పట్టి చూచుట

పాత గుడ్డతో పని చేయువారు కత్తెర ముట్టకముందే గుడ్డను వెలుగునకు ఎదురుగా పట్టి చూతురు. చీర అంతటను సమముగా అరగదు. నడుమున దోపుకొను చోట పోగులు పలుచబడును. మడమలు తగులు అంచు నలుగును. కుచ్చెళ్ల లోపలి మడతలలో దాగిన భాగము మాత్రము చాల కాలము గట్టిగా నుండును. కంటికి కనబడని బలహీనత వ్రేళ్లకు తెలియును. రెండు చేతులతో మెల్లగా లాగినప్పుడు పోగులు విడిపోయినయెడల ఆ గుడ్డ పిగిలినదని అర్థము.

ఆ మూడింటిలో మిక్కిలి అందమైనది ఊదారంగు చీర. దానికి జరీ అంచు కలదు. పిల్ల కన్ను దానిమీదనే నిలిచెను. అవ్వ దానిని మెల్లగా లాగగా అది చప్పుడైనను లేకుండ విడిపోయెను. రంగు వెలిసిన ఆకుపచ్చ నూలు చీర మాత్రము ఎంత లాగినను నిలిచెను. సమూయేలు యెష్షయి కుమారులను చూచినప్పుడు ఎత్తును, రూపమును చూడవద్దని దేవుడు అతనిని హెచ్చరించినది ఇందుకే (1 సమూయేలు 16:7). మనుష్యులు జరీని చూతురు. యెహోవా పోగును చూచును.

ఇక్కడ విశ్వాసి గ్రహింపవలసినది ఒకటి యున్నది. వెలుగు గుడ్డకు చిల్లు చేయదు. ఉన్న చిల్లును చూపును. దేవుని వాక్యము తన తప్పును బయలుపరచినప్పుడు అనేకులు వాక్యముమీదనే కోపపడుదురు. కిటికీని మూసివేసినంత మాత్రమున పిగిలిన గుడ్డ గట్టిపడదు. మరియు అవ్వ ఆ ఊదారంగు చీరను పారవేయలేదు. దానిని మడిచి ప్రక్కన పెట్టి, "ఇది ఒంటరిగా నిలువదు. నాలుగు చీరల నడుమ పెట్టి బొంత కుట్టినయెడల పదేండ్లు వచ్చును" అనెను. ఒంటరిగా నిలువలేని విశ్వాసి సంఘమను బొంతలో ఇతరుల నడుమ కుట్టబడి నిలుచును. పైకి కనబడకపోయినను చలిలో వెచ్చదనమిచ్చువారిలో అతడును ఉండును.

నూలు గుడ్డ ఊరక పుట్టునది కాదు. ప్రత్తి పండించుట మొదలు ఒక చొక్కా తయారగు వరకు సుమారు 2,700 లీటర్ల నీరు ఖర్చగునని అంచనా. లోకములో ఏటేట 9.2 కోట్ల టన్నుల వస్త్ర వ్యర్థము పోగగుచున్నదని 2025 మార్చిలో ఐక్యరాజ్య సమితి తెలిపెను. భూమియు దాని సంపూర్ణతయు యెహోవావని నమ్మువారు ఈ లెక్కను ఊరక విడిచిపెట్టజాలరు. దేవుడిచ్చిన నీరు, రైతు చెమట, నేతగాని కన్ను కలిసి గుడ్డయైనవి. గట్టిగా నున్న గుడ్డను కుప్పలో పడవేయుట వారందరి కష్టమును పడవేయుటయే.

2. విప్పుట

ఆకుపచ్చ చీర అడుగు అంచునకు ఫాలు కుట్టియుండెను. దానిని ముందు తీసివేయవలెను. పిల్లకు తొందర కలిగెను. క్రొత్త గుడ్డయైనచో ఈపాటికి కత్తిరించి మిషను మీద పెట్టియుందుము గదా యని ఆమె తలంపు. ఫాలు కొన పట్టుకొని బలముగా లాగెను. కుట్టు తెగలేదు, చీరయే జానెడు చిరిగెను. పిల్ల చేతులు ఆగిపోయెను. కన్నుల నీళ్లు తిరిగెను. "చెడగొట్టితిని, మామ్మా" అనెను.

అవ్వ చిరిగిన చోటును చేతితో సవరించి, పాత కుట్టును విప్పు విధమును చూపెను. బ్లేడు ముక్కతో నాలుగేసి కుట్లకు ఒక కుట్టును కోయవలెను. తరువాత గుడ్డను త్రిప్పి, రెండవ ప్రక్కనుండి దారమును మెల్లగా లాగవలెను. అప్పుడు దారము వచ్చును, గుడ్డ నిలుచును. కుట్టు పనిలో సగము విప్పుటయే. దానిని ఎవరును మెచ్చరు. అయినను అది లేక క్రొత్త వస్త్రము లేదు.

ఆ సాయంకాలము అవ్వ మరియొక పని చేసెను. లోపలి వైపు వేయుటకు ఇంట దాచియుంచిన ఒక మీటరు క్రొత్త గుడ్డను బక్కెట్టు నీళ్లలో రాత్రియంతయు నానబెట్టెను. కారణమేమని పిల్ల అడుగగా, "పాత గుడ్డ ఎన్ని ఉతుకులో చూచినది. అది ముడుచుకొనవలసినంత ముడుచుకొన్నది. క్రొత్తది ఇంకను ముడుచుకొనలేదు. ఈ రెంటిని ఇప్పుడే కలిపి కుట్టినయెడల, మొదటి ఉతుకులోనే క్రొత్తది ముడుచుకొని పాతదానిని చింపివేయును" అని చెప్పెను.

ప్రభువు మత్తయి 9:16లో చెప్పిన ఉపమానము ఇదియే. తడిసి ముడుచుకొనని గుడ్డను పాత బట్టకు మాసిక వేసినయెడల చినుగు మరి ఎక్కువగునని ఆయన హెచ్చరించెను. నజరేతులోని యింట మాసికలు వేయు చేతులను ఆయన చూచెనని గ్రంథము చెప్పదు గాని, ఆ మాటలో ఇంటిపని ఎరిగినవాని చూపు కలదు. పరిసయ్యుల ఉపవాస దినములకు తన సువార్తను మాసికగా అతికించుటకు ఆయన రాలేదు. అనేకులు నేటికిని క్రీస్తును మాసికగానే కోరుచున్నారు. వ్యాపారములో పాత కపటము అట్లే యుండవలెను. దానిమీద ఆదివారపు ఆరాధన ఒకటి కుట్టబడవలెను. ఇంట పాత కోపము అట్లే యుండవలెను. దానిమీద కుటుంబ ప్రార్థన ఒకటి అతికింపబడవలెను. అట్టి మాసిక మొదటి శోధనలోనే ఊడిపోవును. ఊడునప్పుడు చినుగు పెద్దదగును.

దేవుడు మాసిక వేయడు. ఆయన విప్పును. పాత అలవాటును కుట్టు కుట్టుగా కోసి, ఎన్నాళ్ల క్రిందనో పడిన ముడిని వెదకి తీయును. అదియే మారుమనస్సు. అది బాధగా నుండును గనుక దేవుడు తనను విడిచిపెట్టెనని విశ్వాసి తలంచును. అయితే పారవేయదలచిన గుడ్డను ఎవరును కుట్టు కుట్టుగా విప్పరు. విప్పబడుచున్నవాడు ఇంకను ఆయన ఒడిలోనే యున్నాడు.

చిరిగిన ఆ జానెడు చోటు ఏమాయెను? మరునాడు అవ్వ చీరను నేలమీద పరచి, సుద్దముక్కతో గీయుటకు ముందు చాలసేపు ఆలోచించెను. తుదకు ఆ చినుగు సరిగా మెడ ముందుభాగమున చీలిక పెట్టవలసిన చోటికి వచ్చునట్లు గుడ్డను త్రిప్పెను. ఎట్లును కోయవలసిన చోట అది ముందే కోయబడియుండెను. దేవుడు మనుష్యుని తప్పును కోరడు. కృప అధికమగునని తప్పు చేయవచ్చునా యని అడిగినవారిని పౌలు గద్దించెను (రోమీయులకు 6:1, 2). అయినను కన్నీటితో ఒప్పుకొనిన తప్పును ఎచ్చట నుంచవలెనో ఆయనకు తెలియును. పేతురు ముమ్మారు బొంకెను. తిరిగిన తరువాత సహోదరులను స్థిరపరచుమని ప్రభువు అతనికే చెప్పెను.

3. ఎదుగువారి కొలత

చీర ఒకప్పుడు ఎవరిదైనను కావచ్చును. ఇప్పుడు కొలత పిల్లది. అవ్వ టేపు పట్టి భుజము, ఛాతి, నడుము, చేయి పొడుగు కొలిచి, పలకమీద వ్రాయించెను. ప్రతి ప్రక్కను కుట్టునకు వలసినదానికంటె అంగుళము ఎక్కువ విడిచెను. "వచ్చే యేడు నీవు ఎదుగుదువు. అప్పుడు ఈ కుట్టు విప్పి వెడల్పు చేసికొనవచ్చును" అనెను.

హన్నా ఏటేట షిలోహునకు పోవునప్పుడు కుమారుడైన సమూయేలుకొరకు చిన్న అంగీ కుట్టి తీసికొనిపోవుచుండెను (1 సమూయేలు 2:19). దూరముననున్న పిల్లవాని కొలత ఆమె ఎట్లెరిగెను? క్రిందటి యేటి అంగీని తలంచుకొని, ఈ యేడు ఇంత ఎదిగియుండునని ప్రార్థనాపూర్వకముగా అంచనా వేసికొనియుండవలెను. పిల్లల భక్తియు అట్లే ఎదుగును. క్రిందటి యేటి కొలతతో వారిని కట్టివేయజూచు తలిదండ్రులును, కొలుచుటయే మానివేసిన తలిదండ్రులును హన్నాయొద్ద నేర్చుకొనవలెను.

పని జరుగుచున్న ఆ వారము దినములలో ఆ గదిలో మరియొకటి కూడ జరిగెను. అవ్వ కన్ను మందగించెను. సూదిలో దారము ఎక్కదు. పిల్ల ఎక్కించును. పిల్లకు మిషను తొక్కుట కుదురక చక్రము వెనుకకు తిరిగి దారము తెగును. అవ్వ ఆమె పాదముమీద తన పాదముంచి తొక్కుట నేర్పును. మెడ నమూనా పిల్ల ఫోనులో చూపెను. అవ్వ కండ్లద్దములు సవరించుకొని చూచి, "ఇది బాగున్నది; అయితే నూలు గుడ్డకు ఇంత లోతు పనికిరాదు" అని కొంచెము మార్చెను. అంతకుముందు ఒకే గదిలో నివసించుచు దినమునకు పది మాటలైనను ఆడని ఆ యిద్దరు, విప్పిన దారపు ముక్కల నడుమ కూర్చుండి గంటల తరబడి మాటలాడుకొనిరి. తాత రైలులో ఈ ఊరికి వచ్చిన దినమును గూర్చియు, మొదటి క్రిస్మసున ఇంట దీపపు నూనెయు లేని సంగతిని గూర్చియు పిల్ల అప్పుడే మొదటిసారి వినెను.

తిమోతి విశ్వాసమును తలంచుకొనినప్పుడు పౌలు అతని అవ్వయైన లోయిని, తల్లియైన యునీకేను జ్ఞాపకము చేసికొనెను (2 తిమోతి 1:5). లోయి ఏ సభలో ప్రసంగించెనో గ్రంథములో లేదు. ఆమె విశ్వాసము ఇంటిలో నుండెను; ఇంటిలోనే చేయి మారెను. నేటి వృద్ధులు పిల్లలు తమ మాట వినరని వగచుచున్నారు. ఆ అవ్వ ఉపదేశముతో ఆరంభింపలేదు. పని ఒకటి ఇద్దరి నడుమ పెట్టెను. చేతులకు పని దొరికినప్పుడు నోళ్లు తెరువబడెను. తన బలహీనతను దాచక, సూదిలో దారము ఎక్కించుమని అడిగిన వృద్ధురాలి మాటను ఆ పిల్ల వినెను.

4. గుర్తుపట్టుట

క్రిస్మసు ఉదయము వచ్చెను. ఆకుపచ్చ కమీజు, చీర అంచుతో కుట్టిన చేతులు, తెల్ల చొక్కా గుడ్డతో మెడ పట్టీ. అది పాతదని చెప్పువారు లేరు. అయినను పిల్ల వెనుక వరుసలో కూర్చుండెను. ఆరాధన ముగిసి అందరు శుభములు చెప్పుకొనుచుండగా ఆమె భయపడినది జరిగెను. నడివయస్సు స్త్రీ ఒకతె ఆమె యెదుట ఆగి, చేతిమీది మామిడిపిందెల అంచును తేరిచూచెను.

"ఈ అంచు..." అని ఆగెను. పిల్ల తల వంచుకొనెను.

ఆ స్త్రీ మరల అనెను: "ఇది మా అక్క చీరయమ్మా. వానకాలములో మా అక్క ప్రభువునొద్దకు పోయినది. ఇంట చూచి ఓర్వలేక బట్టలన్నియు గిన్నెల ఆమెకు వేసిరి. నేను వచ్చుసరికి ఒకటియు మిగులలేదు. ఒక్కసారి ముట్టుకొనవచ్చునా?"

ఆమె ఆ అంచును వ్రేళ్లతో తడిమి ఏడ్చెను. తరువాత కన్నులు తుడుచుకొని, "ఎంత బాగా కుట్టితివి!" అనెను. పిల్లకు మాట రాలేదు. ఏ గుర్తింపునకు ఆమె వారము దినములు భయపడెనో, అది ఒక దుఃఖితురాలికి ఆదరణ యాయెను.

యొప్పేలో దొర్కా అను మారుపేరుగల తబితా చనిపోయినప్పుడు ఇట్లే జరిగెను. పేతురు మేడగదిలోనికి వచ్చినప్పుడు విధవరాండ్రందరు ఏడ్చుచు, ఆమె తమతో నున్నప్పుడు కుట్టిన అంగీలను, వస్త్రములను అతనికి చూపిరి. ఆమెను గూర్చి వారు చెప్పిన మాటలేవియు వ్రాయబడలేదు. చూపిన బట్టలు మాత్రము వ్రాయబడెను. సూదితో చేసిన సేవ చేసినవారి తరువాత కూడ సాక్ష్యమిచ్చును. ఆమె పేరట దొర్కా సంఘములు వెలసి, 19వ శతాబ్దమున ఆంగ్లదేశపు సంఘములలో వ్యాపించి, బీదలకు బట్టలు కుట్టి ఇచ్చుచు వచ్చెను. మన సంఘములలోని స్త్రీల సమాజములు కుట్టు పనిని ప్రభు సేవగా ఎంచుట ఆ వరుసలోనిదే.

ఇంటికి వచ్చిన పిల్ల తానుగా మిగిలిన ముక్కల సంచి తీసెను. అయిదువేలమంది తిని తృప్తిపొందిన తరువాత, ఏదియు నష్టపడకుండ మిగిలిన ముక్కలను పోగుచేయుడని ప్రభువు చెప్పినట్లు (యోహాను 6:12), అవ్వ ప్రతి ముక్కను దాచియుండెను. మూరెడు అంచు మిగిలియుండెను. దానితో ఒక బైబిలు సంచి కుట్టి, తరువాతి ఆదివారము ఆ స్త్రీ చేతికి ఇచ్చెను. ఈసారి సూదిలో దారము ఎక్కించినదియు, మిషను తొక్కినదియు ఆమెయే.

5. ఇచ్చువారికి ఒక మాట

ఎబెద్మెలెకు పాత బట్టలను గోతిలోనికి విసరివేయలేదు. త్రాళ్లతో మెల్లగా దింపెను. వాటిని ఎట్లు పెట్టుకొనవలెనో కూడ చెప్పెను. ఇచ్చు విధములోనే ప్రేమ కనబడెను. 1999లో ఢిల్లీలో అంశు గుప్తా ప్రారంభించిన గూంజ్ సంస్థ, పట్టణవాసులు విడిచిన బట్టలను పల్లెవాసులకు భిక్షగా పంచక, వారు తమ ఊరి బాగునకై చేసిన పనికి ప్రతిఫలముగా ఇచ్చుచు వచ్చెను. బావి త్రవ్వినవాడు, బాట వేసినవాడు తల యెత్తుకొని బట్ట తీసికొనును. ఈ సేవ నిమిత్తము అంశు గుప్తాకు 2015లో రామన్ మెగసేసే పురస్కారము లభించెను. సంఘమునకు వెలుపలనుండియు నేర్చుకొనదగినది ఇది.

క్రిస్మసు దినములలో బీదలకు బట్టలు పంచు సంఘములు అనేకము. గుండీలు లేని చొక్కాను, పిగిలిన చీరను, ఉతకని దుప్పటిని ప్రభువు పేరట ఇచ్చుట ప్రభువునకు మహిమ కాదు. ఇచ్చుటకు ముందు ఉతుకవలెను, గుండీలు కుట్టవలెను, ఇస్త్రీ చేసి మడవవలెను. రెండంగీలు గలవాడు ఏమియు లేనివానికి ఇయ్యవలెనని యోహాను బోధించినది (లూకా 3:11) తన రెంటిలో ఒకటి, చిరిగినది కాదు. మరియు పాత బట్ట కట్టుకొని వచ్చినవానిని వెనుకకు, మెరయు వస్త్రము కట్టుకొనినవానిని ముందునకు కూర్చుండబెట్టుటను యాకోబు తన పత్రికలో ఖండించెను. ఆ పిల్ల వెనుక వరుసలో కూర్చుండినది తన సిగ్గుచేతనా, సంఘము చూపు చేతనా? ఈ ప్రశ్న ప్రతి సంఘమును తన్ను తాను అడుగుకొనవలెను.

6. మనుష్యుడు వేరు, వస్త్రము వేరు

ఈ దృష్టాంతమును ఒక చోట ఆపవలెను. మనుష్యుని నీతిక్రియలు మురికి గుడ్డవంటివని యెషయా ఒప్పుకొనెను (64:6). ఆ గుడ్డను ఉతికి, విప్పి, మరల కుట్టుకొని దేవుని యెదుట నిలువవచ్చునని ఎవరును తలంపరాదు. ప్రధానయాజకుడైన యెహోషువ మలిన వస్త్రములతో నిలిచినప్పుడు, దేవుడు వాటిని బాగుచేయుమనలేదు. తీసివేసి వేరు వస్త్రములు తొడిగింపుమనెను (జెకర్యా 3:4). నీతి అను వస్త్రము పూర్తిగా క్రీస్తు ఇచ్చునదే; అందులో మన పోగు ఒక్కటియు లేదు. అయితే ఆ వస్త్రమును ధరించు మనుష్యుని దేవుడు పారవేయడు. అతనినే విప్పి, కడిగి, క్రొత్త కొలతకు కుట్టును. పాత నీతి పోవును. పాత మనుష్యుడు క్రొత్తవాడగును.

దీనికి వెల ఎవరు చెల్లించిరి? సిలువ క్రింద సైనికులు ప్రభువు బట్టలను నాలుగు భాగములు చేసి పంచుకొనిరి. కుట్టు లేక పైనుండి నేయబడిన ఆయన అంగీని చింపుటకు మనస్సు రాక చీట్లు వేసిరి. అంగీని చింపనివారు ఆయన దేహమును చీల్చిరి. మనకు వస్త్రము కలుగుటకై ఆయన వస్త్రహీనుడాయెను. మూడవ దినమున సమాధిలో ఆయన విడిచిన నారబట్టలు పడియుండెను; తల రుమాలు వేరుగా చుట్టిపెట్టబడియుండెను. లోకములో విడువబడిన వస్త్రములన్నిటిలో ఆదరణ నిచ్చునవి అవియే. ఇక వాటి అవసరము ఆయనకు లేదు; ఆయనయందు నిద్రించువారికిని నిత్యము వాటి అవసరము ఉండదు.

ప్రార్థన

ప్రభువా, నీ వెలుగులో మమ్మును పట్టి చూడుము. మాలో పిగిలిన చోట్లను మాకు చూపుము. మాసికలతో తృప్తిపడు మా మనస్సును మార్చి, విప్పు నీ చేతి క్రింద నిమ్మళముగా నుండు కృప దయచేయుము. మా వృద్ధుల చేతులను, మా పిల్లల చేతులను ఒక పనిలో కలుపుము. పని లేక తల వంచుకొనిన తండ్రులను ఆదరించుము. మా ఇండ్లలో దాగియున్న పాత బట్టలు ఎవరి చంక క్రింద ఉంచవలెనో మాకు తెలియజేయుము. ప్రియులను పోగొట్టుకొని ఒక చీర అంచుకొరకు వెదకుచున్నవారిని నీవే ఓదార్చుము. మాకొరకు వస్త్రహీనుడైన యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.